కబడ్డీ ఆటను ఫోటో తీయడం ఎలా?



మా నాన్న వయసులో ఉన్నప్పుడు సుల్తాన్‌పూర్ చుట్టుపక్కల ఊళ్లలో మంచి కబడ్డీ ఆటగాడని అందరూ చెబుతారు. తర్వాత కంపెనీ షిఫ్టు డ్యూటీల్లో పడి ఆట మానేశారు. ఆయన ఆడుతున్న ఫోటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. మా ఇంట్లో మొదట డిగ్రీ పాసైంది నేనే. పీజీ చదువుతూ ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఒక పాత కెమెరా కొన్నాను. మొదటిసారి మన హాస్టల్ పిల్లల ఆట తీస్తే దాదాపు అన్నీ మసకగా వచ్చాయి. ఆ తప్పుల నుండి నేర్చుకున్నదే ఈ పాఠం.

1. మసక ఎందుకు వస్తుంది?

షట్టర్ తెరిచి ఉన్నంతసేపు ఆటగాడు కదిలితే బొమ్మ చెదురుతుంది. చిన్న లెక్క చూద్దాం. రైడర్ సెకనుకు 5 మీటర్లు కదిలాడనుకోండి. షట్టర్ 1/60 సెకను తెరిచి ఉంటే 8 సెంటీమీటర్లు జరుగుతాడు. 1/500 అయితే ఒక్క సెంటీమీటరే. కనుక ఆటకు 1/500 లేదా అంతకంటే వేగం పెట్టాలి. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ 12 కెమెరాలు వరుసగా పెట్టి, పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేల విడుస్తాయని చూపాడు. కంటికి అందనిది కెమెరాకు అందింది.

2. వెలుతురు

వేగం పెంచితే ఫోటో నల్లబడుతుంది. అప్పుడు ఐఎస్ఓ పెంచాలి. ఐఎస్ఓ 400తో 1/125 సరిపోయే చోట, ఐఎస్ఓ 1600తో 1/500 పెట్టవచ్చు. కొంచెం గరుకుదనం వచ్చినా ఫరవాలేదు. గరుకు ఫోటోలో ముఖం గుర్తుపట్టవచ్చు, చెదిరిన ఫోటోలో గుర్తుపట్టలేము. పొద్దు వాలకముందే, సూర్యుడు మీ వీపు వెనుక ఉండేలా చూసుకొని తీయండి. ఫ్లాష్ వద్దు. అది ఆటగాళ్ల కళ్లలో పడుతుంది.

3. ఎక్కడ నిలబడాలి?

రైడర్ ముఖం ఎదుటి జట్టు వైపు ఉంటుంది. కనుక ఆ జట్టు వెనుక మూలన, గీతకు దూరంగా మోకాళ్ల మీద కూర్చోండి. వెనుక బండ్లు, గోడలు కనిపించడం తగ్గుతుంది. రైడర్ తిరిగి వచ్చే పట్టు కావాలంటే నడిగీతకు ఎదురుగా ఉండండి.

4. ఎప్పుడు నొక్కాలి?

రైడ్‌కు ఉండేది 30 సెకన్లు. బటన్ సగం నొక్కి ఫోకస్ సిద్ధం చేసుకోండి. పట్టుబడిన రైడర్ చేయి చాచి నడిగీతను అందుకోబోయే క్షణమే ఆటకు ప్రాణం. అది చూశాక నొక్కితే ఆలస్యమైపోతుంది. చేయి లేవగానే వరుసగా మూడు నాలుగు తీయండి. ఫోన్‌తో తీసేవారికీ ఇదే సూత్రం.

5. మర్యాద

అడగకుండా ఎవరినీ తీయరాదు. బట్టలు చెదిరినప్పుడు, దెబ్బ తగిలి ఏడ్చినప్పుడు తీసిన ఫోటోను ఎవరికీ చూపకుండా తుడిచేయాలి. ఓడిన జట్టుకు కూడా వారి మంచి ఫోటో ఇవ్వాలి.

మొన్న ఒక తమ్ముడు మట్టిలో పడి గీతను అందుకుంటున్న ఫోటోను నాన్నకు చూపించాను. చాలాసేపు చూసి, "నా చెయ్యి గూడ గిట్లనే అందేది బిడ్డా" అన్నారు. ఆ చేయి ఎలా ఉండేదో నేను ఎప్పటికీ చూడలేను. మీ తర్వాతి వారికి ఆ లోటు రానీయకండి.