వృద్ధాశ్రమములలో మందులిచ్చు విధము

వృద్ధాశ్రమమున చేరువారు పలువురు తమతో ఒక మందుల సంచిని గూడ తెచ్చుకొందురు. అందు రక్తపోటునకు ఒక వైద్యుడు, మోకాళ్ల నొప్పులకు వేరొకరు వ్రాసిన మాత్రలుండును. ఎన్నడో మానవలసినవియు నుండును. కావున చేరిననాడే ఆ సంచిని బల్లపై కుమ్మరించి, ప్రతి మందు పేరును, మోతాదును, వేళను పట్టికలో వ్రాసి వైద్యునకు చూపవలెను. మన దేశమున ఒకే ఔషధము పెక్కు వ్యాపారనామములతో అమ్ముడగుచున్నది. రెండు పెట్టెల పేర్లు వేరైనను లోని మందు ఒకటియే కావచ్చును. గావున వ్యాపారనామమునుగాక, దాని దాపున నుండు అసలు ఔషధనామమును చదువవలెను.

కీళ్లవాతమునకిచ్చు మెథోట్రెక్సేటు విషయమున మిక్కిలి మెలకువ అవసరము. ఆ వ్యాధికి ఈ మందును వారమునకొక్క దినము మాత్రమే ఇత్తురు. తక్కిన మాత్రలతో కలిపి దినదినము మ్రింగించినచో నోట పుండ్లు పడును. ఎముకలలోని మజ్జ దెబ్బతిని రక్తకణములు క్షీణించును. ప్రాణమునకే ముప్పు వాటిల్లును. దీనికి తోడు ఫోలిక్ ఆమ్లపు మాత్రలను గూడ వైద్యులు వ్రాయుట కలదు. రెండును తరచు పసుపు వన్నె చిన్న మాత్రలే యగుటచే తారుమారగుట సులభము. పట్టికలో "వారమునకొకసారి" యని వ్రాసిన చాలదు. సోమవారమో, గురువారమో, ఆ దినము పేరే వ్రాయవలెను. ఆ మందును వేరుగ తాళము వేసి యుంచవలెను.

ఏకాదశియనియో, కార్తిక సోమవారమనియో, రంజాను మాసమనియో ఉపవసించు వృద్ధులు గలరు. వారికి గ్లిమెపిరైడు వంటి మధుమేహపు మాత్రను అలవాటు చొప్పున ఇచ్చినచో రక్తములో చక్కెర పడిపోవును. చెమట, వణకు, తికమక దాని చిహ్నములు. వీనిని ముసలితనపు చాదస్తమని త్రోసివేయరాదు. స్పృహ యున్న వెంటనే చక్కెర నీరు త్రాగింపవలెను. స్పృహ లేనిచో నోట నేమియు పోయక, ఆసుపత్రికి చేర్పవలెను. ఉపవాసదినమున మోతాదెంతయో వైద్యుని ముందుగనే అడిగియుంచుట మేలు.

మన దేశమున సీసాలలో వచ్చు ఇన్సులిను సామాన్యముగ మిల్లీలీటరునకు 40 యూనిట్లది. 100 యూనిట్లదియు కలదు. సీసాపై నున్న అంకెయే సిరంజిపైనను ఉండవలెను. 100 యూనిట్లదానిని 40 సిరంజితో కొలిచి ఇచ్చినచో రెండున్నర రెట్ల మందు లోనికి పోవును.

ఒక పూట మందులను ఒక్కరే ఇయ్యవలెను. వృద్ధుడు మాత్రను మ్రింగుట చూచిన పిమ్మటనే పట్టికలో సంతకము చేయవలెను. పని త్వరగ తెములునని ఉదయముననే రాత్రి గడిలోను సంతకము చేయువారు లేకపోలేదు. అట్టి పట్టిక లేకుండుటయే నయము. ఒక పూట తప్పినచో మరుపూట రెండింతలు ఇయ్యరాదు. వద్దన్నవారికి పెరుగన్నములో కలిపి పెట్టరాదు. కారణము నడిగి వైద్యునకు తెలుపవలెను. నెమ్మదిగ పనిచేయుటకై చేసిన మాత్రలను నూరినచో దినమంతటి మందు ఒక్కసారిగ ఒంటికెక్కును.

చూడవచ్చు బంధువులు తెచ్చు మాత్రలైనను, చూర్ణములైనను దిండు క్రింద పెట్టి పోక, మందులిచ్చువారి చేతికీయవలెను. ఆసుపత్రినుండి తిరిగివచ్చిన వారికి క్రొత్త పట్టిక వ్రాసి, పాత మాత్రలను ఆనాడే గదినుండి తీసివేయవలెను.