పాఠం 14 : లాగ్‌లోని గడులను జేసన్ స్ట్రింగుగా మార్చడం

బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో ఉండేవారికి రిజిస్టరు కొత్త కాదు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన ఈ ఊళ్లో ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రిజిస్టరులో ఒక వరుస అంటే ఒక సంఘటన. సమయం, బండి సంఖ్య, ఆలస్యం, వ్యాఖ్య దేని గడి దానిదే. కంప్యూటరులో ఇటువంటి వరుసలున్న దస్త్రాన్ని లాగ్ అనీ, ఒక్కొక్క గడిని ఫీల్డు అనీ అంటారు.

సిగ్నళ్లకు ఇటువంటి లాగ్ రాసే యంత్రం పేరు డేటా లాగర్. రిలేలు మారిన ప్రతిసారీ అది సమయంతో సహా నమోదు చేస్తుంది. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగ బజార్ వద్ద రైలు ప్రమాదం జరిగినప్పుడు డేటా లాగర్ నమోదులు విచారణలో చర్చకు వచ్చాయి. అటువంటి రోజున ఒక వరుస చెడిపోయి ఉంటే ఏమవుతుందో మీరే ఊహించండి.

లాగ్‌లోని వరుస ఒక ప్రోగ్రాము నుంచి మరొక ప్రోగ్రాముకు చేతులు మారుతూ పోతుంది. ఈ గొలుసునే పైప్‌లైన్ అంటారు. అన్ని ప్రోగ్రాములకూ అర్థమయ్యే రూపంగా నేడు ఎక్కువగా వాడేది జేసన్. దీన్ని 2000 తరవాత డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రచారంలోకి తెచ్చారు. కింది వరుసను గమనించండి (ఇందులోని బండి పాఠం కోసం ఊహించుకున్నది).

{"సమయం":"14:05:32","బండి":"08999","ఆలస్యం":12}

బండి సంఖ్యకు కొటేషన్లు ఉన్నాయి, ఆలస్యానికి లేవు. ఎందువల్ల? ఆలస్యాన్ని కూడుతాం, పోలుస్తాం. దాన్ని స్ట్రింగుగా రాస్తే "9" అనేది "12" తరవాత వస్తుంది, ఎందుకంటే స్ట్రింగులను మొదటి అక్షరం నుంచి పోలుస్తారు. బండి సంఖ్యను ఎవరూ కూడరు. అది పేరు వంటిది. మన దేశంలో 2010 డిసెంబరు 20 నుంచి బండి సంఖ్యలకు అయిదు అంకెలు వచ్చాయి. ప్రత్యేక రైళ్ల సంఖ్యలు సున్నాతో మొదలవుతాయి. 08999ను సంఖ్యగా మారిస్తే 8999 మిగులుతుంది. అది వేరే సంఖ్య. పోనీ సున్నాతోనే కొటేషన్లు లేకుండా రాద్దామంటే జేసన్ నియమాలు ఒప్పుకోవు.

ఖాళీ గడి సంగతి కూడా ఉంది. బండి ఇంకా రాలేదు కనుక ఆలస్యం గడి ఖాళీగా ఉందనుకోండి. అక్కడ 0 వేస్తే బండి వేళకు వచ్చిందని అర్థం! ఖాళీకి జేసన్‌లో నల్ అనే మాట ఉంది. దాన్ని ఆంగ్ల చిన్న అక్షరాలతో, కొటేషన్లు లేకుండా రాయాలి.

అసలు చిక్కంతా వ్యాఖ్య గడితోనే. మనుషులు అక్కడ తోచినట్లు రాస్తారు.

రెండో లైనులో "ఆగు" సిగ్నల్

దీని చుట్టూ ఊరికే కొటేషన్లు పెడితే, చదివే ప్రోగ్రాము ఆగు ముందున్న గుర్తు దగ్గరే స్ట్రింగు ముగిసిందనుకుంటుంది. వరుస మొత్తం పనికిరాకుండా పోతుంది. కనుక లోపలి గుర్తుకు ముందు బ్యాక్‌స్లాష్ ఉంచాలి.

"వ్యాఖ్య":"రెండో లైనులో \"ఆగు\" సిగ్నల్"

వ్యాఖ్యను రెండు పంక్తుల్లో రాస్తే మరీ ప్రమాదం. పైప్‌లైన్ సాధారణంగా ఒక పంక్తిని ఒక నమోదుగా చదువుతుంది, కాబట్టి వరుస రెండు ముక్కలై, రెండూ చెల్లవు. పంక్తి విరుపును బ్యాక్‌స్లాష్, దాని పక్కన ఆంగ్ల ఎన్ అక్షరంగా మార్చాలి.

ఈ పని చేత్తో అతికించి చేయకండి. చాలా భాషల్లో ఇందుకు సిద్ధంగా ప్రమేయం ఉంటుంది. పైథాన్‌లో దాని పేరు జేసన్ డంప్స్. అది తెలుగు అక్షరాలను బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే సంకేతాలుగా రాసిందని కంగారు పడనక్కరలేదు, తిరిగి చదివితే తెలుగే వస్తుంది.

అయితే ఒక్కసారే మార్చండి. మొదటి ప్రోగ్రాము మార్చిన స్ట్రింగును రెండోది మామూలు మాట అనుకొని మళ్లీ మారిస్తే \" కాస్తా \\\" అవుతుంది. అప్పుడు ఒకసారి చదివితే బండి, ఆలస్యం విడివిడిగా దొరకవు, ఒక పొడవాటి స్ట్రింగు మాత్రమే చేతికొస్తుంది.

స్వయం పరీక్ష
బండి 07999, ఆలస్యం ఖాళీ, వ్యాఖ్య: లోకో పైలట్ "సరే" అన్నారు. ఈ మూడు గడులను జేసన్‌గా మార్చండి.

జవాబు
"బండి":"07999" అని ఉండాలి. ఆలస్యానికి నల్. వ్యాఖ్యలో \"సరే\" అని ఉండాలి. మీరు ఆలస్యానికి 0 వేసి ఉంటే ఖాళీ గడి గురించిన పేరా మరొకసారి చదవండి.