అన్న ఎలక్ట్రిక్ సైకిలు – పళ్ళ చక్రాల లెక్క

(విజ్ఞాన శీర్షిక)



నిష్పత్తుల పాఠం చెప్పేటప్పుడు "ఈ లెక్క మనకు ఎక్కడ పనికొస్తది?" అని నేను వెనక బెంచీలో కూర్చొని అనుకునేవాణ్ణి. ఈ ఎండాకాలం సెలవుల్లో ఎల్.బి.నగర్‌లో పనికొచ్చింది. మా అన్న పరీక్ష ఫీజుకని దాచుకున్న పైసలు ఆ లెక్క వల్లనే మిగిలాయి. ఎలాగో వివరంగా రాస్తున్నాను. పక్కన ఒక కాగితం, పెన్సిలు పెట్టుకొని చదవండి.

1. సంగతి ఏమిటి?

మాది దేవరకొండ దగ్గర తండా. మా అన్న డిగ్రీ అయిపోయాక దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు తీసుకుంటున్నాడు. రూము మాత్రం ఎల్.బి.నగర్‌లో, సాగర్ రింగ్ రోడ్డు దగ్గర. అక్కడ కిరాయి కొంచెం తక్కువ. పొద్దున క్లాసు, సాయంత్రం నుంచి రాత్రి దాకా ఇళ్ళకు అన్నం పార్శిళ్ళు చేరవేస్తాడు. దానికోసం సెకండ్ హ్యాండులో ఒక ఎలక్ట్రిక్ సైకిలు కొన్నాడు. దాన్ని క్రూయిజర్ రకం అంటారు. హ్యాండిలు వెడల్పుగా, సీటు కిందికి, టైర్లు లావుగా ఉంటాయి. వెనక చక్రం మధ్యలో, అంటే హబ్బులో మోటారు ఉంటుంది. పెడల్ తిరిగితే మోటారు అందుకుంటుంది.

ఎల్.బి.నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ సుమారు 4 కిలోమీటర్లు. విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి అది. నెత్తి మీద మెట్రో 2018 సెప్టెంబరు 24 నుంచి నడుస్తోంది. మధ్యలో విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి స్టేషన్లు. మా అన్న రోజూ ఆ మెట్రో పిల్లర్ల నీడలోనే తిరుగుతాడు.

నేను వెళ్ళిన మూడో రోజు రాత్రి విక్టోరియా మెమోరియల్ దగ్గర బ్యాటరీ అయిపోయింది. చేతిలో పార్శిలు ఉంది. తొక్కుకుంటూ పోయేసరికి ఆలస్యమైంది. ఆ రాత్రి సంపాదన చాలావరకు పోయింది. రూముకొచ్చి అన్న ఒకటే మాట అన్నాడు. "తమ్మీ, నేను తొక్కుతనే ఉన్న. కానీ పెడల్ గాలిలో తిరిగినట్టే ఉంటది. ముందర పెద్ద చైన్ వీలు ఏపిస్తే గట్టిగ పట్టుకుంటదట. రేపు ఏపిస్త."

పైసలు ఎక్కడివి అంటే, యాడి పత్తి ఏరి పంపిన పైసలు. పరీక్ష ఫీజువి.

2. పెడల్ గాలిలో ఎందుకు తిరుగుతుంది?

సైకిలుకు ముందు పెడల్ దగ్గర ఉండే పెద్ద పళ్ళ చక్రాన్ని చైన్ వీలు అంటారు. వెనక చక్రం దగ్గర ఉండే చిన్నది ఫ్రీవీలు. ఫ్రీవీలు లోపల చిన్న నాలుకల్లాంటి ముక్కలుంటాయి. మనం తొక్కే వేగం చక్రం వేగాన్ని అందుకుంటేనే అవి పట్టుకుంటాయి. చక్రం మనకంటే ముందే ఉరుకుతుంటే అవి జారుతూ 'టిక్ టిక్' మంటాయి. దిగుడులో తొక్కడం ఆపితే వినపడే చప్పుడు అదే.

ఎలక్ట్రిక్ సైకిలులో చక్రాన్ని మోటారు ఉరికిస్తుంది. పెడల్ దగ్గరి సెన్సారుకు పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే కావాలి, ఎంత బలంగా తొక్కుతున్నామో దానికి పట్టదు. (తొక్కే బలాన్ని కొలిచే సెన్సార్లు కూడా ఉన్నాయి. మా అన్న బండికి అది లేదు.) అందుకని కాళ్ళు ఉత్తగా తిరుగుతాయి, పనంతా బ్యాటరీ మీద పడుతుంది.

3. కొలిచి చూశాం

పొద్దున్నే అన్నతో "ముందు లెక్క చేద్దాం అన్నా, తర్వాత ఏపిద్దాం" అన్నాను. నవ్వాడు గానీ ఒప్పుకున్నాడు.

పళ్ళు: సున్నంతో ఒక పన్నుకు గుర్తు పెట్టి లెక్కపెట్టాం. ముందు 36, వెనక 18.

నిష్పత్తి: 36 ÷ 18 = 2. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 2 చుట్లు తిరుగుతుంది.

చక్రం చుట్టుకొలత: టైరుకు, నేలకు సుద్ద గుర్తు పెట్టి ఒక చుట్టు నడిపించాం. 2.10 మీటర్లు వచ్చింది. అంటే పెడల్ ఒక చుట్టుకు బండి 2 × 2.10 = 4.20 మీటర్లు పోతుంది.

అన్న కాళ్ళ వేగం: నేను వెనక క్యారేజీ మీద కూర్చొని వాచీ చూశాను. మోటారు ఆపి, అలవాటుగా తొక్కమన్నాను. 30 సెకండ్లలో కుడి మోకాలు 34 సార్లు లేచింది. నిమిషానికి 68.

ఇప్పుడు వేగం: 68 × 4.20 = నిమిషానికి 285.6 మీటర్లు. దాన్ని 60తో గుణించి 1000తో భాగిస్తే గంటకు సుమారు 17 కి.మీ.

మిత్రులారా, జబ్బు ఇక్కడే దొరికింది. బండి 17 కి.మీ. దాటిందంటే అన్న కాళ్ళు వెనకబడిపోతాయి. ఆ ట్రాఫిక్‌లో అన్న పోయేది 18 నుంచి 20 కి.మీ. వేగంతో. అంటే దారి పొడుగునా ఆయన తొక్కింది దాదాపు ఉత్తదే!

4. పెద్ద చక్రం వేస్తే లాభం, నష్టం

కొత్తపేట సందులో ఒక సైకిల్ మెకానిక్ చాచా ఉన్నాడు. ఆయన దగ్గర 44 పళ్ళది, 48 పళ్ళది రెండూ దొరుకుతాయి. అన్న 48 వైపే చూస్తున్నాడు. నేను నోటుబుక్కులో ఈ పట్టిక రాశాను. వరుసగా – ముందు/వెనక పళ్ళు, పెడల్ ఒక చుట్టుకు దూరం, 20 కి.మీ. వేగంలో కాళ్ళు నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పాలి, అదే లాగుడుకు ఎంత బలంగా తొక్కాలి (ఇప్పటి బలం 100 అనుకుంటే):

36/18 – 4.20 మీ. – 79 చుట్లు – బలం 100
36/16 – 4.73 మీ. – 71 చుట్లు – బలం 113
44/18 – 5.13 మీ. – 65 చుట్లు – బలం 122
48/18 – 5.60 మీ. – 60 చుట్లు – బలం 133

చివరి అంకె చూడండి. దూరం ఎంత పెరిగిందో, తొక్కాల్సిన బలం కూడా అంతే పెరిగింది. గుట్ట ఎక్కేటప్పుడు మనకు తెలిసిన సంగతే ఇది. నిటారు దారి పొట్టిది, కానీ కాళ్ళు పీకుతాయి. చుట్టుదారి పొడుగు, కానీ తేలిక. ఎక్కే గుట్ట మాత్రం అదే. పని = బలం × దూరం. పళ్ళ చక్రం పనిని తగ్గించదు, పంచే తీరును మారుస్తుంది.

48 పళ్ళది వేస్తే మూడో వంతు ఎక్కువ బలం కావాలి. మోటారు నడిచినంతసేపు ఇది తెలియదు. బ్యాటరీ అయిపోయిన రాత్రి తెలుస్తుంది. పాతిక కిలోల బండి, పార్శిలు, ఎదురుగా ఫ్లైఓవర్ ఎక్కుడు. అప్పుడు భారమంతా మోకాళ్ళ మీదే.

ఇంకో తిప్పలు కూడా ఉంది. చైన్ లింకు పొడుగు అర అంగుళం, అంటే 12.7 మి.మీ. ఆ లెక్కన 36 పళ్ళ చక్రం కంటే 44 పళ్ళ చక్రం వ్యాసార్థం 16 మి.మీ. ఎక్కువ. అది ఫ్రేము గొట్టానికి తగలొచ్చు. చైనుకు ఇంకో 4 లింకులు కలపాలి. చైన్ కవర్ పట్టదు. అన్న బండిలో చైన్ వీలును క్రాంకుకే బిగించేశారు కాబట్టి క్రాంకు కూడా మార్చాలి. ఖర్చంతా అక్కడే.

చాచా నా నోటుబుక్కు చూసి అన్నాడు. "బేటా, పెద్ద చక్రం ఏస్తే మోటారు ఉరుకుతదనుకుంటరు అందరు. మోటారు వెనక చక్రంల ఉన్నది. దానికి ముందర పళ్ళతోని ఏం సంబంధం?"

నిజమే. హబ్బు మోటారు చైనును లాగదు, నేరుగా చక్రాన్నే తిప్పుతుంది. కాబట్టి చైన్ వీలు మారిస్తే మోటారు వేగం మారదు. పెడల్ దగ్గరే మోటారు ఉండే రకం వేరే ఉంది. అందులో మోటారు బలం కూడా చైను మీదుగానే పోతుంది కనుక పళ్ళు మారిస్తే మోటారు లాగుడు కూడా మారుతుంది.

కొందరు వేగం కట్టడి చేసే వైరును తీసేయిస్తారు. అది తప్పు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కి.మీ. లోపు ఉంటేనే ఇలాంటి బండి మోటారు వాహనం కింద లెక్కకు రాదు. అది దాటితే రిజిస్ట్రేషను, లైసెన్సు అన్నీ కావాలి. పైగా ఆ బ్రేకులు అంత వేగానికి చేసినవి కావు.

5. మేం ఏం చేశాం?

ముందు చక్రం ముట్టలేదు. వెనక ఫ్రీవీలు 18 పళ్ళది తీసి 16 పళ్ళది వేయించాం. 68 × 4.725 = 321.3 మీటర్లు, అంటే గంటకు 19 కి.మీ. పైచిలుకు. అన్న పోయే వేగానికి అన్న కాళ్ళు సరిపోయాయి. బలం ఎనిమిదో వంతు మాత్రమే పెరిగింది. దాచిన పైసల్లో మూడో వంతు కూడా ఖర్చు కాలేదు.

చాచా పని చేస్తుంటే నేను నేర్చుకున్న జాగ్రత్తలు:

(అ) ముందు బ్యాటరీ ఆపి తీసేయాలి. మోటారు వైరు ప్లగ్గు విప్పాకే చక్రం ఊడదీయాలి.
(ఆ) హబ్బు మోటారు ఇరుసుకు తిరగకుండా పట్టే ప్రత్యేకమైన వాషర్లుంటాయి. వాటిని మళ్ళీ అదే తీరుగా వేసి నట్లు గట్టిగా బిగించాలి. లేకుంటే ఇరుసే తిరిగి వైరు తెగుతుంది, చక్రం ఊడొచ్చు కూడా.
(ఇ) పళ్ళు రెండు తగ్గినందుకు చైను వదులైంది. చక్రాన్ని సుమారు 6 మి.మీ. వెనక్కి జరిపితే సరిపోయింది. చైను మధ్యలో అర అంగుళం ఆడాలి, ఎక్కువ బిగువు కూడా మంచిది కాదు.
(ఈ) చక్రం జరిపాం కనుక వెనక బ్రేకు మళ్ళీ సరిచూసుకోవాలి.

6. ఫలితం

ఇంతకు ముందు ఎల్.బి.నగర్ – దిల్‌సుఖ్‌నగర్ నాలుగు సార్లు పోయి వస్తే బ్యాటరీ పడిపోయేది. ఇప్పుడు అయిదో సారి కూడా వస్తోంది. దీనికి లెక్క ఉంది. బ్యాటరీ 36 వోల్టులు, 7.5 ఆంపియర్ గంటలు. 36 × 7.5 = 270 వాట్ గంటలు. బండికి 200 వాట్లు కావాలనుకుందాం. అంతా మోటారే ఇస్తే 270 ÷ 200 = 1.35 గంటలు. కాళ్ళు 70 వాట్లు ఇస్తే మోటారు 130 ఇస్తే చాలు. 270 ÷ 130 = 2 గంటల పైన. ఇది కాగితం మీది లెక్క. ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోతే అంత రాదు. అయినా తేడా కనపడుతుంది. ఫ్రీవీలు బ్యాటరీని పెద్దది చేయలేదు. ఉత్తగా తిరిగే కాళ్ళకు పని దొరికింది, అంతే.

అన్న పరీక్ష ఫీజు కట్టాడు. రసీదు యాడికి ఫోనులో చూపించాడు.

7. మీకు తెలుసా?

పూర్వం ఇంగ్లండులో ముందు చక్రం మనిషంత ఎత్తు, వెనక చక్రం బుడ్డది ఉండే సైకిళ్ళు తొక్కేవారు. చైను ఉండేది కాదు, పెడళ్ళు ముందు చక్రానికే. వేగం కావాలంటే చక్రమే పెద్దది కావాలి. పడితే తల పగిలేది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండి, చైనుతో వెనక చక్రాన్ని తిప్పే రోవర్ సైకిలు తెచ్చాడు. మనం తొక్కే సైకిలు దాని సంతానమే. మా అన్న బండి చక్రం 26 అంగుళాలు, ఫ్రీవీలు మార్చకముందు నిష్పత్తి 2. అంటే 52 అంగుళాల పెద్ద చక్రం తొక్కినట్టే, కానీ నేలకు దగ్గరగా కూర్చొని! ఆ ఎత్తంతా రెండు పళ్ళ చక్రాల్లో దాగి ఉంది.

8. మీరు చేయండి

(1) ముందు 48, వెనక 16 పళ్ళుంటే పెడల్ ఒక చుట్టుకు వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుంది?
(2) పై పట్టికలోని 48/18 బండిని నిమిషానికి 75 చుట్లు తొక్కితే వేగం ఎంత?
(3) వాచ్‌మన్ తాత సైకిలు పళ్ళు లెక్కపెట్టి, పెడల్ ఒక చుట్టుకు ఎంత దూరం పోతుందో కొలిచి చూడండి. (తాతను అడిగి ముట్టుకోండి.)

జవాబులు వచ్చే గోడ పత్రికలో.

వార్డెన్ సారుకు మనవి: కొత్త చైనులో 24 లింకులు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. కూరగాయలు తెచ్చే మన హాస్టలు సైకిలు చైను కొలిస్తే 12 అంగుళాల మీద ఇంకో 3/16 అంగుళం వచ్చింది. అంటే సాగింది. సాగిన చైను పళ్ళను అరగదీస్తుంది. ఇంత సాగాక చైను ఒక్కటి మారిస్తే సరిపోకపోవచ్చు, చైనుతో పాటు ఫ్రీవీలు, చైన్ వీలు కూడా మార్చాల్సి రావచ్చు. బిగించే పని మేమే చేస్తాం సార్.

– 9వ తరగతి, 'బి' సెక్షను