లెక్కలో లేని బిడ్డ

చి. ల. సౌ. అమ్మడుకి,

నీ ఉత్తరం చేరింది. బుజ్జిగాడు తన అన్నం తానే తింటున్నాడని చదివి కడుపు నిండిపోయింది. ఆ కబుర్ల మధ్యలో ఒక వాక్యం ఉంది. వచ్చే సోమవారం నుంచి మీ వరసలోని టౌన్‌హౌస్ వాళ్ళ నాలుగు నెలల పాప కూడా నీ దగ్గరికే వస్తుందని, "ఒక్కరే కదా పెద్దమ్మా, నలుగురున్న చోట ఐదుగురు" అని రాశావు. నా మనసు ఆ వాక్యం దాటి ముందుకు పోలేదు. నీ చేతిలో పిల్లలు ఎంత హాయిగా ఉంటారో నాకు తెలుసు. అన్నం తిననని మొండికేసేవాడు కూడా నీ ఒళ్ళో కూర్చుంటే రెండు ముద్దలు ఎక్కువే తింటాడు. నా బెంగ నీ ప్రేమ మీద కాదు, నీ లెక్క మీద. ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనిలో లెక్క తప్పితే ఎంత ప్రేమా దాన్ని పూడ్చలేదు. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, విసుక్కోకుండా చదువు.

ముందు చట్టం సంగతి. మీ వర్జీనియాలో సొంత పిల్లలనూ ఆ ఇంట్లోనే ఉండే పిల్లలనూ మినహాయించి ఐదుగురి నుంచి పన్నెండుగురి దాకా చూసుకునే ఇంటికి రాష్ట్ర లైసెన్సు ఉండాలి. ఒకప్పుడు ఆరో బిడ్డతో లైసెన్సు అవసరం మొదలయ్యేది, 2016 జూలై 1 నుంచి ఐదో బిడ్డతోనే మొదలవుతోంది. నలుగురే కాబట్టి లైసెన్సు అక్కర్లేదని ఇన్నాళ్ళూ నువ్వు ధైర్యంగా ఉన్నావు. కానీ ఆ నలుగురు ఎవరో నీ ఉత్తరంలోంచే లెక్క వేశాను. తొమ్మిది నెలల బాబు, పద్నాలుగు నెలల పాప, ఇరవై నెలల బాబు, మూడేళ్ళ పాప. ఆ కిందే, మూడున్నరకి స్కూల్ బస్సు దిగి వాళ్ళమ్మ వచ్చేదాకా అరగంట మీ సోఫాలో కూర్చునే ఒకటో తరగతి పాప గురించి రాశావు. ఆ పాపను నువ్వు లెక్కలో వేసుకోలేదు, ఆ అరగంటకి డబ్బు తీసుకోవు కనుక. చట్టం లెక్క వేరేగా ఉంది తల్లీ. పదమూడేళ్ళలోపు పిల్లల్లో ఒక్కరి కోసం డబ్బు తీసుకున్నా ఆ ఇల్లు డేకేర్ కిందే లెక్క. అప్పుడు ఉచితంగా చూసే బిడ్డ కూడా బిడ్డే. పైగా హద్దు రోజు మొత్తంలో వచ్చిపోయేవారికి కాదు, ఒకే సమయంలో ఎందరున్నారన్న దానికి. అంటే మూడున్నర నుంచి నాలుగింటి దాకా నీ దగ్గర ఇప్పటికే ఐదుగురున్నారు. సోమవారం నాటికి ఆరుగురవుతారు. హద్దు రాబోయే పాపతో దాటబోవడం లేదు, నీకు తెలియకుండానే దాటిపోయింది.

ఇంకో లెక్క కూడా ఉంది, నాకు బాగా నచ్చినది అదే. లైసెన్సున్న ఇళ్ళకి వర్జీనియా తలలు మాత్రమే లెక్కపెట్టి ఊరుకోదు, వయసును బట్టి పాయింట్లు వేస్తుంది. పుట్టినప్పటి నుంచి పదిహేను నెలల దాకా ఒక్కో బిడ్డకి 4, పదహారు నుంచి ఇరవైమూడు నెలల దాకా 3, రెండు నుంచి నాలుగేళ్ళ దాకా 2, ఐదు నుంచి తొమ్మిదేళ్ళ దాకా 1. ఒక మనిషి చేతిలో 16 పాయింట్లకి మించకూడదు. ఎనిమిదేళ్ళలోపు సొంత బిడ్డ కూడా ఈ లెక్కలోకి వస్తాడు. నీకింకా లైసెన్సు లేకపోయినా ఈ కొలతతో నీ ఇల్లు కొలిచి చూడు. చంటివాళ్ళు ఇద్దరికి 8, ఇరవై నెలల బాబుకి 3, మూడేళ్ళ పాపకి 2, నీ కొడుకు, మన బుజ్జిగాడికి 2, బస్సు దిగే పాపకి 1. సరిగ్గా పదహారు. అంచు దాకా నిండిన గిన్నె అది. సోమవారం వచ్చే నాలుగు నెలల పాప ఒక్కతీ 4. అంటే ఇరవై. "ఒక్కరే కదా" అన్నావు గాని, ఆ ఒక్కరూ బస్సు దిగే పాపలాంటి వాళ్ళు నలుగురితో సమానమని ఈ లెక్క చెబుతోంది. పిల్లల్ని పెంచినవాళ్ళెవరూ దాన్ని కాదనలేరు.

ఈ అంకెలు ఎవరో ఆఫీసులో కూర్చుని తోచినట్టు వేసినవని అనుకోకు. వాటి వెనకాల ఉన్నవి రెండు చేతులు. పొగ అలారం మోగితే మూడేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకుంటే నడుస్తుంది, ఆరేళ్ళ పిల్ల చెబితే వింటుంది, తొమ్మిది నెలలవాణ్ణి ఎత్తుకోవాల్సిందే. ఎడం చంకలో ఒకరు, కుడి చంకలో ఒకరు. మూడో చంటిబిడ్డను ఎత్తుకునే చెయ్యి ఏ తల్లికీ లేదు. 2011 ఫిబ్రవరి 24న హ్యూస్టన్‌లో ఒక ఇంటి డేకేర్‌లో పొయ్యి మీద నూనె అంటుకుంది. లోపల ఏడుగురు పిల్లలున్నారు, అందరూ మూడేళ్ళు, అంతకు లోపు వాళ్ళే. నలుగురు చనిపోయారు. ఆ నిర్వాహకురాలు పిల్లల్ని వదిలి దుకాణానికి వెళ్ళింది, కోర్టు ఆమెకి 80 ఏళ్ళ శిక్ష వేసింది. నువ్వు అలా వదిలి వెళ్ళవు, నాకు తెలుసు. ఆ తప్పు వేరు, నీ సంగతి వేరు. అయినా ఆ ఘటన ఒక మాట చెబుతోంది. నిప్పు పుట్టాక ఆ వయసు పిల్లలు తలుపు దాకా తమంతట తాము రాలేరు, వాళ్ళకున్న దారల్లా పెద్దవాళ్ళ చేతులే. అప్పుడు గుమ్మంలోనే ఉన్న మనిషైనా ఒక్క విడతలో ఎందరిని బయటికి తేగలదు? హద్దు అంటే ఆ ప్రశ్నకి ముందే రాసిపెట్టుకున్న జవాబు.

నిప్పు రోజూ పుట్టదంటావు. సరే, ఏ ఆపదా లేని మామూలు రోజే చూద్దాం. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా పది గంటలు. కొత్త పాపతో కలిపి డైపర్లవాళ్ళు నలుగురు. రెండు గంటలకొకటి చొప్పున ఇరవై డైపర్లు. తుడిచి, కొత్తది వేసి, నీ చేతులు సబ్బుతో కడుక్కోవడానికి ఒక్కోదానికి ఐదు నిమిషాలనుకున్నా వంద నిమిషాలు. పాల సీసాలు వెచ్చబెట్టడం, పట్టడం, భుజాన వేసుకుని తేన్పించడం దీనికి పైన. ఆ నిమిషాలన్నిటిలో నీ వీపు మిగిలిన పిల్లల వైపే ఉంటుంది. పద్నాలుగు నెలల పాప నోట్లో ద్రాక్షపండు పెట్టుకునేదీ, ఇరవై నెలలవాడు మెట్ల గేటు ఎక్కేదీ అప్పుడే. చంటిపాప నిద్ర సంగతి మరీ ముఖ్యం. వెల్లకిలా పడుకోబెట్టాలి, పరుపు గట్టిగా ఉండాలి, క్రిబ్బులో దిండు, బొంత, బొమ్మ ఏవీ ఉండకూడదు. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమనే ప్రచారం మొదలయ్యాక నిద్రలో హఠాత్తుగా పోయే పసివాళ్ళ సంఖ్య బాగా తగ్గింది. వాళ్ళమ్మ ప్రేమగా ఆవాల దిండు పంపినా తిప్పి పంపెయ్. పడుకోబెట్టడంతో పని అయిపోదు, మధ్యమధ్య వెళ్ళి ఊపిరి చూసిరావాలి. ఇరవై పాయింట్ల ఇంట్లో ఆ "మధ్యమధ్య" ఎంతసేపటికి వస్తుందో నువ్వే చెప్పు.

"మన ఇళ్ళల్లో పదిమంది పిల్లలు పెరగలేదా?" అని నువ్వు అడుగుతావు. పెరిగారు. కానీ మనం పిల్లల్ని లెక్కపెట్టి పెద్దల్ని లెక్కపెట్టడం మర్చిపోతాం. ఆ ఇళ్ళల్లో అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని, మేనత్త, పన్నెండేళ్ళ అక్క, గోడవతల పక్కింటావిడ, వీళ్ళంతా ఆ పదిమంది మీదా కన్నేసి ఉండేవాళ్ళు. బిడ్డకో పెద్ద చెయ్యి దాదాపు ఉండేది. మీ ఆష్‌బర్న్‌లో పగలు తలుపు వేసుకున్న టౌన్‌హౌస్‌లో ఉన్నది నువ్వొక్కదానివే. పాత ఇళ్ళను ఉదాహరణగా తెస్తే అవి నా వైపే సాక్ష్యం చెబుతాయి. "అయితే మా అత్తగారు వస్తున్నారుగా, ఆరు నెలలుంటారు" అంటావేమో. ఆవిడ మనవణ్ణి ఎత్తుకుని మురిసిపోవడానికి రావాలి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు అక్కడ పనిచెయ్యకూడదు. లైసెన్సున్న ఇంట్లో సహాయకురాలిగా లెక్కకు రావాలంటే శిక్షణ ఉండాలి, నేపథ్య తనిఖీ జరగాలి. ఇంట్లో ఉండే పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతివారికీ ఆ తనిఖీ ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేని ఆవిణ్ణి కాగితం మీద రెండు చేతులుగా చూపించడం ఆవిడకీ న్యాయం కాదు, పిల్లలకీ కాదు.

నిన్ను అసలు కట్టేస్తున్నది మొహమాటమని నాకు తెలుసు. ఆ కొత్త పాప తల్లికి ప్రసూతి సెలవు అయిపోయింది. 1993 నాటి అక్కడి చట్టం జీతం లేని పన్నెండు వారాల సెలవిచ్చి, అదీ అందరికీ కాక కొందరికే ఇచ్చి, బాలింతని ఆఫీసుకి పంపేస్తుంది. ఆమె నీ గుమ్మంలో నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కాదనడం కష్టమే. నువ్వు కరిగిపోయావంటే నీ మనసు అంత మెత్తనిది, అందుకు నిన్ను తప్పుపట్టను. కానీ ఆమెకు సాయం చేస్తున్న నువ్వు మిగిలిన తల్లుల వాటాలోంచి తీసి ఇస్తున్నావు. తమ బిడ్డకి నీ చూపు ఇంత దక్కుతుందని నమ్మి వాళ్ళు వదిలి వెళుతున్నారు. వాళ్ళని అడగకుండా ఆ చూపును పంచే హక్కు నీకు లేదు. ఆ తల్లికి నిజంగా మేలు చెయ్యాలంటే "ఇప్పుడు నా దగ్గర చోటు లేదు, లైసెన్సు రాగానే మొదటి చోటు మీదే" అని నిజం చెప్పు. లైసెన్సున్న ఇళ్ళ వివరాలు రాష్ట్రం వెబ్‌సైట్‌లో ఉంటాయి, పక్కన కూర్చుని నాలుగు ఇళ్ళకి ఫోన్ చేసిపెట్టు. మొహమాటంతో అన్న అవును కంటే ప్రేమతో చెప్పిన కాదు ఆ పాపకి ఎక్కువ మేలు చేస్తుంది.

డబ్బు మాటా నేను మర్చిపోలేదు. అల్లుడుగారి ఒక్క జీతం మీద ఇంటి అప్పు నడవడం ఎంత బరువో ఊహించగలను. అందుకే ఈ పని మానెయ్యమనడం లేదు, పెంచుకునే దారిలో పెంచుకోమంటున్నాను. 2021 జూలై నుంచి మీ రాష్ట్రంలో లైసెన్సులిచ్చేది విద్యాశాఖే. దరఖాస్తు పెట్టు, సీపీఆర్, ఫస్ట్ ఎయిడ్ నేర్చుకో. లైసెన్సు వస్తే, తోడుగా అర్హత ఉన్న ఒక మనిషిని పెట్టుకుంటే, ఇంటికి పాయింట్లు ముప్పై రెండు. అప్పుడు ఆ నాలుగు నెలల పాప తలెత్తుకుని నీ గుమ్మంలోకి వస్తుంది. కౌంటీ నియమాలు, మీ ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) నియమాలు కూడా విడిగా కనుక్కో, అవి ఊరూరికీ మారతాయి. పక్కనున్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో నలుగురు, అంతకు తక్కువ పిల్లలకైనా కౌంటీ పర్మిట్ కావాలి. ఇదంతా అవసరమా, ఎవరొచ్చి చూస్తారు, అందరూ ఇలాగే చేస్తున్నారు అంటావా? లైసెన్సు లేకుండా నడపడం అక్కడ క్రిమినల్ నేరం. పన్నెండు నెలల దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. హెచ్4 వీసా, ఈఏడీ పని అనుమతి మీద ఉన్నదానివి, రేపు గ్రీన్‌కార్డు ఫారంలో అరెస్టుల గురించి అడిగే గడి దగ్గర నీ పెన్ను ఆగకూడదు. ఏదైనా దెబ్బ తగిలితే బీమా కంపెనీ మొదట అడిగేది కూడా ఆ రోజు ఇంట్లో ఎందరున్నారనే.

కానీ నన్ను నిద్రపోనివ్వనిది జరిమానా కాదమ్మా. హద్దు దాటిన ఇంట్లో ఒక బిడ్డను దాచాల్సి వస్తుంది. ఎవరైనా తలుపు కొడితే ఒకర్ని బేస్‌మెంట్‌లోకి పంపాలి, హాజరు కాగితంలో ఒక పేరు రాయకుండా వదిలెయ్యాలి, ఒక తల్లికి "మిగతావాళ్ళతో అనకండి" అని చెప్పాలి. ఇప్పుడు ఆ కాగితం సంగతి ఆలోచించు. రేపు పొగ అలారం మోగి, నువ్వు పిల్లల్ని పచ్చిక మీద నిలబెట్టి పేర్లు పిలిస్తే, ఫైరింజన్‌వాళ్ళు వచ్చి "లోపల ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగితే, అందరి చూపూ ఆ కాగితం మీదే ఉంటుంది. అందులో పేరు లేని బిడ్డని ఎవరూ వెతకరు. స్పృహ తప్పి నువ్వే మాట్లాడలేని స్థితిలో ఉంటే, ఆ బిడ్డ అక్కడ ఉందన్న సంగతి ఈ ప్రపంచంలో ఎవరికీ తెలియదు. లెక్కలో లేని బిడ్డ చట్టానికి మాత్రమే కాదు, ఆపద్బాంధవులకి కూడా కనిపించదు.

అందుకని ఒక పని చెయ్యి. తలుపు పక్కన ఒక అట్ట తగిలించు, దారంతో పెన్సిలు కట్టు. బిడ్డ లోపలికి రాగానే పేరు, వచ్చిన వేళ. వెళ్ళగానే వెళ్ళిన వేళ. పది నిమిషాలకి వచ్చినా రాయి, డబ్బు లేకపోయినా రాయి, బుజ్జిగాడి పేరు కూడా రాయి. గది మారినప్పుడల్లా పైకే లెక్కపెట్టు, మూడేళ్ళ పాప కూడా నీతో కలిసి లెక్కపెట్టడం నేర్చుకుంటుంది. నెలకోసారి అందరినీ బయటికి తెచ్చి చూసుకో, లైసెన్సు ఇళ్ళకి అది ఎలాగూ తప్పదు. ఇదంతా పెద్దమ్మ చాదస్తం అనుకున్నా సరే, అట్ట మాత్రం తగిలించు.

వేళకి తిను. పిల్లలందరికీ పెట్టాక మిగిలింది నిలబడి తినే అలవాటు మానుకో. మీ అత్తగారిని, అల్లుడుగారిని అడిగానని చెప్పు. ఈ ఉత్తరం అందిన మర్నాడు సాయంత్రం సరిగ్గా మూడూ నలభై అయిదుకి ఇంట్లో ఉన్న పిల్లల్ని ఒక్కొక్కరినీ వేలు పెట్టి లెక్కించి, ఆ అంకె నాకు రాయి. వేరే కబుర్లేమీ రాయకపోయినా ఫరవాలేదు.

నీ
పెద్దమ్మ