ఆటల పరీక్షలు – కాలవినియోగము

విద్యార్థులారా! పరీక్ష యనగానే మనకు తోచునది ప్రశ్నపత్రము, జవాబుల కాగితము, మూడు గంటల గడువు. ఇప్పుడు కొన్ని ఉద్యోగములకు వేఱొక విధమైన పరీక్ష వచ్చినది. అందు ప్రశ్నపత్రమునకు బదులు కంప్యూటరు తెరమీద ఒక ఆట యుండును. వ్యాపారులకును ప్రభుత్వములకును సలహాలిచ్చు కన్సల్టింగు సంస్థలు కొన్ని ఇట్టి ఆటలతో అభ్యర్థులను వడపోయుచున్నవి.

మా పాఠశాలలో చదివి, పిమ్మట ఇంజనీరింగు ముగించిన ఒక పూర్వవిద్యార్థి ఇట్టి పరీక్షకు కూర్చుండి వచ్చి, "మాస్టారూ, ఆట అర్థమయినదండీ, అర్థమగునప్పటికి గడువు తీఱిపోయినది" అనెను. ఆ మాట చాల దినములు మా మనస్సును విడువలేదు. అతని తెలివిలో లోపము లేదు. కాలమును పంచుకొను విద్యను మేమే అతనికి నేర్పలేదు. కావుననే ఈ పాఠము.

మొదట ఆట యెట్టిదో చూతము. 1926లో అమెరికాలోని చికాగోలో స్థాపింపబడిన మెకిన్జీ సంస్థ 'సాల్వ్' అను ఆటల పరీక్షను పెట్టినది. అందు తొలుత నుండిన ఒక ఆటలో, 30కి పైబడిన జంతువులు, మొక్కలు మున్నగు జీవులనుండి 8 జీవులను ఏరి, ఒక కొండమీదనో, సముద్రములోని పగడపు దిబ్బవద్దనో జీవింపజేయవలసియుండెను. ప్రతి ప్రాణికి చాలినంత ఆహారముండవలెను. ఏ జాతియు పూర్తిగా తినివేయబడకూడదు. ఆ చోటి లోతు, వేడిమి మొదలగునవి దానికి సరిపడవలెను. గడువు 35 నిమిషములుగా నుండెను. తుది జవాబునే గాక, అభ్యర్థి దానిని చేరిన తీరును కూడ కంప్యూటరు గుర్తించుచుండును. తరువాత దత్తాంశములను పరిశీలించి నివేదిక కూర్చు ఆట వంటివియు చేరినవి. పరీక్ష రూపము మాఱుచుండును గనుక, సంస్థవారు పంపిన సూచనలనే ప్రమాణముగా గొనవలెను.

ఇక కాలమును పంచుకొను విధము. మన దోణిమలై పిల్లలకు దీనిని వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇనుపరాతిని నింపుటకు రైలు వ్యాగన్లు వచ్చినప్పుడు రైల్వేవారు కొంత గడువిత్తురు. అది దాటినచో డెమరేజి కట్టవలెను. ఆ గడువు మొదలైన పిదప ఏ రాతిని ఎక్కడనుండి తేవలెనని ఆలోచించువాడు నష్టపోవును. ఆటయందును ఇంతే. ఆటకు ముందు దాని నియమములను నేర్పు భాగమొకటి యుండును. 'సాల్వ్'లో ఆ భాగమునకు గడువు లేదు. తొందరపడి దానిని దాటివేయుటయే పలువురు చేయు తప్పు. ముఖ్యముగా తెలుగు మాధ్యమమున చదివినవారికి ఇంగ్లీషు సూచనలు చదువుటకు కొంత ఎక్కువ సేపు పట్టును. ఇందు సిగ్గుపడవలసినది లేదు. ఆ ఆలస్యమును గడువులేని భాగముననే తీర్చుకొనవలెను. ప్రతి నియమమును మనస్సులో తెలుగున ఒక్క వాక్యముగా చెప్పుకొని, ఆ పిమ్మటనే ఆట ప్రారంభింపవలెను.

ఆట ప్రారంభమైన తరువాత 35 నిమిషములను మూడు పాళ్లు చేయవలెనని మా సూచన. మొదటి 10 నిమిషములు ఏరివేతకు: ఆ చోట బ్రతుకజాలని జీవులను ముందే త్రోసివేసినచో లెక్క చిన్నదగును. తరువాతి 18 నిమిషములు కూర్పునకు: మొక్కలనుండి మొదలిడి పైకి పోవలెను. కడపటి 7 నిమిషములు సరిచూచుటకు. ఈ ఏడు నిమిషములను దేనికొఱకును కదల్పరాదు.

మన అష్టావధానమును స్మరింపుడు. తిరుపతి వేంకటకవులు దానిని తెలుగునాట ఊరూర వ్యాపింపజేసిరి. అవధాని ఒక పృచ్ఛకుని పద్యము ముగియువఱకు అతనియొద్దనే నిలిచిపోడు. ఒక్కొక్క పాదము చెప్పి ముందునకు సాగును. కడపట ధారణలో అన్నిటిని అప్పగించును. నడుమ అప్రస్తుత ప్రసంగము వచ్చినను చమత్కారముగా ఒక మాట చెప్పి మరల పద్యమునకు వచ్చును. తెరమీద అక్కఱలేని అంకెలు కూడ అప్రస్తుత ప్రసంగములే. ఒకచోట చిక్కు వచ్చి రెండు నిమిషములలో విడనిచో, దానిని విడిచి ముందునకు సాగవలెను.

అయినను ఒకే సూత్రము అన్ని ఆటలకు చెల్లదు. మనశ్శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిన బుడగ పరీక్షలో, గాలి కొట్టినకొలది సొమ్ము పెరుగును. బుడగ పగిలినచో ఆ బుడగపై కూడిన సొమ్ము పోవును. అక్కడ చూచునది వేగమును గాదు, సాహసమును. ఇట్టి ఆటలును ఉద్యోగ పరీక్షలలో చేరినవి. కావున ఆట దేనిని కొలుచుచున్నదో ముందు తెలిసికొనవలెను.

అభ్యాసము: 3 పులులు, 15 మేకలతో పులి-మేక ఆటను గడియారము ముందుంచుకొని 15 నిమిషముల గడువుతో ఆడుడు. ఆట ముగిసిన పిమ్మట, ఏ యెత్తునకు ఎక్కువ సేపు పట్టినదో, ఎందుకు పట్టినదో పుస్తకమున వ్రాయుడు. వారమునకొకసారి ఇట్లు చేసినచో, మీ కాలము ఎచ్చట జాఱిపోవుచున్నదో మీకే తెలియును. ఆ పూర్వవిద్యార్థి మరల పరీక్షకు సిద్ధమగుచు ఇదే అభ్యాసము చేయుచున్నాడు. అతనికిని మీకును జయమగుగాక!