ఏసీ గది ఒక్కటే ఉద్యోగమా?

“మేం తట్టలు మోసింది చాలు సార్, వాడన్నా ఏసీలో కూసోవాలె.” కొత్తగూడ మండలం ఊళ్ల నుంచి వచ్చే తల్లిదండ్రుల నోట నేను తరచూ వినే మాట ఇది. ఆ ఆవేదన నిజమే. కానీ అదే మాట చెప్పి, లెక్కలంటే బెదిరే పిల్లాణ్ని హైదరాబాద్ శివార్లలో ఏదో కాలేజీకి తీసుకెళ్లి, అప్పు చేసి మరీ మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్ సీటు కొనడం నాకు మింగుడుపడదు. నాలుగేళ్ల తర్వాత బ్యాక్‌లాగులు పిల్లాడికి మిగులుతాయి, వడ్డీ మీకు మిగులుతుంది.

నిర్మాణ రంగంలోనూ మంచి ఉద్యోగాలున్నాయి. తట్ట మోయడం వేరు, కాంక్రీటు పని తెలియడం వేరు. ఎం20 కాంక్రీటు అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల ఒత్తిడికి తట్టుకోవాలి. పోసే ముందు స్లంప్, అంటే తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూడాలి. 150 మిల్లీమీటర్ల క్యూబులు పోసి, నీళ్లలో ఉంచి, 7వ రోజున, 28వ రోజున పగలగొట్టి చూడాలి. పని సులువవుతుందని ఎవరో నీళ్లు ఎక్కువ కలిపితే “ఈ లోడు వెనక్కి పంపండి” అనగలిగినవాడికే సైటులో విలువ. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజ్ 7వ బ్లాకులో పియర్లు కుంగినప్పుడు నిర్మాణ నాణ్యత గురించి రాష్ట్రమంతా మాట్లాడుకుంది. ఆ నాణ్యతను రోజూ కాపాడాల్సింది ల్యాబ్ టెక్నీషియన్, సూపర్‌వైజర్, సెంట్రింగ్ ఫోర్‌మన్ లాంటివాళ్లే. ల్యాబు పని, డ్రాయింగు పని అమ్మాయిలకూ బాగా నప్పుతాయి.

పది పాసైతే పాలిసెట్ రాసి మూడేళ్ల సివిల్ డిప్లొమా, లేదా ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదవొచ్చు. నా ఓటు డిప్లొమాకే. తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, తలుపు మూసుకుపోదు. అంత చదువు వద్దనుకునేవాళ్లకు హైదరాబాద్‌లో 1998లో మొదలైన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది, జడ్చర్లలో ఎల్ అండ్ టీ శిక్షణ సంస్థ ఉంది.

ఇక్కడే దళారులతో జాగ్రత్త. ఉచితంగా దొరికే శిక్షణకు “సీటు ఇప్పిస్తా” అంటూ పైసలు అడిగేవాడు మోసగాడే. పాలిసెట్‌కు వేలకు వేలు పోసి కోచింగ్ అక్కర్లేదు, పదో తరగతి లెక్కలు, సైన్సు గట్టిగా చదివితే చాలు. గల్ఫ్ ఆశ చూపే ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడకుండా పాస్‌పోర్టు చేతిలో పెట్టకండి.

కంపెనీలను కూడా నిలదీయండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు తమ సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు చేయాలి, పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. బడికి బెంచీలు, బస్టాండులో వాటర్ కూలరు ఇచ్చి, పేరు రాసిన బోర్డుతో ఫొటో దిగితే నేను చప్పట్లు కొట్టను. మీ ప్రాంతంలో రోడ్డో వంతెనో కట్టే సంస్థను సర్పంచ్ అడగాల్సింది ఒక్కటే: మా పిల్లల్లో ఎందరికి అప్రెంటిస్‌షిప్ ఇచ్చి పని నేర్పుతారు? ఊరికి అంతకు మించిన సాయం లేదు.

ఈ దారి పూలబాట కాదు. ఎండ ఉంటుంది, ఇంటికి దూరం ఉంటుంది, మొదటి జీతం తక్కువే. హెల్మెట్, బెల్టు ఇవ్వని సైటులో ఒక్క రోజు కూడా ఉండొద్దు. 18 నిండి, ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్లు భవన నిర్మాణ కార్మిక సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. నిర్మాణ ఖర్చు మీద వసూలయ్యే సెస్సు వాళ్ల కోసమే.

ఫీజు కట్టే ముందు పిల్లల్ని ఒకసారి సైటు, ఒకసారి పాలిటెక్నిక్ ల్యాబ్ చూసి రమ్మనండి. నచ్చకపోతే వేరే దారి వెతుకుదాం. ఏది నచ్చిందో మాత్రం వాళ్లనే చెప్పనివ్వండి.