అరువు తెచ్చుకొన్న పటాలు

విదేశాలలోని తెలుగు సంఘాల వెబ్‌సైట్లలో తరచుగా ఒక పటం కనిపిస్తుంది. ఉగాది వేడుక జరిగే మందిరం ఎక్కడ, వాహనాలు నిలిపే స్థలం ఏ వైపు, ఊరిలోని దేవాలయాలు, తెలుగు బడులు ఎక్కడెక్కడ ఉన్నవి అన్న సంగతులు ఆ పటం మీద ఎర్రని గుర్తులతో చూపబడి ఉంటాయి. చూచేవారి దృష్టిలో అది సంఘం వారి పటమే. నిజానికి అందులో సంఘం వారిది ఆ గుర్తుల జాబితా మాత్రమే. తక్కినదంతా, అనగా రోడ్లు, వీధుల పేర్లు, చిరునామాను వెదకిపెట్టే నేర్పు, దారి చూపే లెక్క, వేరొక సంస్థ కంప్యూటర్ల నుండి పేజీ తెరచిన ప్రతిసారీ అప్పటికప్పుడు అరువుగా వచ్చి చేరుతున్నది. అరువిచ్చేవారు షరతులు మార్చిన రోజున ఆ పటం ఏమవుతుంది, మన ప్రోగ్రామును అందుకు ముందుగా ఎట్లా సిద్ధపరచుకోవాలి అన్నదే ఈ వ్యాస విషయం. పాఠకులలో సాఫ్టువేరు వృత్తిలో ఉన్నవారికి ఇందులో కొంత తెలిసిన సంగతే. అయితే సంఘపు వెబ్‌సైటును నడిపే భారం ఒక్కొక్కసారి ఆ వృత్తితో సంబంధం లేనివారి మీద కూడా పడుతుంది కనుక, వారిని దృష్టిలో ఉంచుకొని మొదటి నుండి చెబుతాను.

ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును పని అడగడానికి ఏర్పరచిన నియమావళిని ఏ.పి.ఐ. అంటారు. దీనిని మండల కార్యాలయంలోని దరఖాస్తు ఫారంతో పోల్చవచ్చు. ఏ గడిలో ఏమి వ్రాయాలి, ఏ కాగితం జతపరచాలి, రుసుము ఎంత, జవాబు ఏ రూపంలో వస్తుంది అన్నవన్నీ ముందే నిర్ణయమై ఉంటాయి. లోపల గుమాస్తా ఏ బీరువాలో వెదుకుతాడో మనకు అక్కరలేదు. సౌకర్యమంతా అందులోనే ఉన్నది, చిక్కు కూడా అందులోనే ఉన్నది. ఫారం నమూనాను నిర్ణయించేది కార్యాలయమే గాని దరఖాస్తుదారు కాదు. నమూనా మారిన తరువాత పాత ఫారాన్ని ఎంత శుద్ధంగా పూర్తిచేసి ఇచ్చినా అది తిరిగి వస్తుంది.

ఇంత పరాధీనత ఎందుకు, పటాన్ని మనమే తయారుచేసుకోరాదా అని అడగవచ్చు. ఒక చిన్న లెక్క చూడండి. వెబ్ పటాన్ని చదరపు పలకలుగా కోసి పంపుతారు. ఒక్కొక్క పలక సాధారణంగా 256 చుక్కల పొడవు, 256 చుక్కల వెడల్పు ఉంటుంది. సున్న అంకె గల మొదటి మెట్టులో ప్రపంచమంతా ఒకే పలకలో ఇముడుతుంది. ఒక్క మెట్టు దగ్గరకు జరిగినప్పుడల్లా ప్రతి పలకా నాలుగవుతుంది. 10వ మెట్టుకు పలకల సంఖ్య 10 లక్షల 48 వేలు దాటుతుంది. ఇళ్ళు విడివిడిగా కనిపించే 18వ మెట్టుకు అది 6,800 కోట్లకు మించిపోతుంది. ఇది ఒక సంఘం చేతిలో పని కాదు.

గూగుల్ సంస్థ తన పటాలను 2005 ఫిబ్రవరిలో వెలువరించింది. అప్పటికి ఇతరులు వాడుకొనడానికి ఏ.పి.ఐ. ఏదీ లేదు. పాల్ రేడ్‌మాకర్ అనే ప్రోగ్రామరు ఆ పటాల లోపలి ఏర్పాటును స్వయంగా పరిశీలించి తెలుసుకొని, క్రెయిగ్స్‌లిస్ట్‌లోని ఇళ్ళ ప్రకటనలను వాటి మీద గుర్తులుగా నిలిపి, ఆ వసంతంలోనే హౌసింగ్ మ్యాప్స్ అనే సైటును సృష్టించాడు. ఫారమే లేని కార్యాలయంలో పని జరిపించుకొన్నాడన్నమాట! జూన్ నెలలో గూగుల్ తన ఏ.పి.ఐ.ని అధికారికంగా విడుదల చేసింది. 2006లో రెండవ కూర్పు, 2009లో మూడవ కూర్పు వచ్చినవి. రెండవ కూర్పుకు కాలం చెల్లనున్నదని 2010 మే నెలలో ప్రకటించి, 2013 నవంబరు వరకు గడువిచ్చారు. మూడున్నరేళ్ళ గడువు ఉదారమైనదనే నా అభిప్రాయం. అయినా పటం మీద పెట్టే ఆ చిన్న ఎర్రని గుర్తు కథ చూడండి. రెండవ కూర్పులో దాని పేరు జీ-మార్కర్. మూడవ కూర్పులో అది ఉత్త మార్కర్ అయింది. 2024 ఫిబ్రవరిలో ఆ మార్కర్‌ను ఇకపై వాడవద్దని, దాని స్థానంలో అడ్వాన్స్‌డ్ మార్కర్‌ను వాడవలసిందని సూచించారు. ఇరవై ఏళ్ళలో గుర్తు గుర్తుగానే ఉన్నది, దానిని పిలిచే పేరు మూడు విధాలయింది.

పేరు మారడం చిన్న మార్పు. వెల మారడం పెద్దది. 2018కి పూర్వం మామూలు సైట్లకు రోజుకు 25,000 సార్లు వరకు పటం చూపడం ఉచితంగా ఉండేది. 2018 జూలై 16 నుండి క్రెడిట్ కార్డుతో ఖాతా తెరవడం తప్పనిసరి అయింది. నెలకు 200 డాలర్ల విలువగల వాడుకను ఉచితంగా ఇచ్చి, ఆపైన 1,000 సార్లకు 7 డాలర్ల చొప్పున వసూలు చేయసాగారు. అనగా ఉచిత పరిమితి రోజుకు 25,000 నుండి నెలకు సుమారు 28,000కు దిగింది. ఖాతా తెరవని సైట్లలో పటం మసకబారి, ఇది ప్రయోగదశ పనులకు మాత్రమే అన్న అర్థం గల ఆంగ్ల వాక్యం దాని మీద పరచుకొన్నది. 2025 మార్చి 1 నుండి ఆ 200 డాలర్ల పద్ధతి కూడా పోయి, ఒక్కొక్క సేవకు విడివిడిగా ఉచిత పరిమితులు వచ్చినవి. దారి చూపే పాత సేవ అదే రోజున లెగసీ వర్గంలోకి చేర్చబడింది. ఈ తీరు ఒక్క సంస్థకే పరిమితం కాదు. యాహూ తన పటాల ఏ.పి.ఐ.ని 2011 సెప్టెంబరులో మూసివేసింది. ఆపిల్ సంస్థ 2012 సెప్టెంబరులో తన ఫోన్లలోని గూగుల్ పటాలను తొలగించి సొంత పటాలను పెట్టి, వాటి లోపాలకు అదే నెలలో క్షమాపణ చెప్పుకొన్నది. మైక్రోసాఫ్ట్ వారి బింగ్ పటాల ఉచిత ఖాతాలకు 2025 జూన్ 30తో గడువు తీరింది.

వెల మారినప్పుడు పెద్ద కంపెనీకి ఒక బడ్జెట్ పద్దు పెరుగుతుంది, అంతే. స్వచ్ఛందంగా నడిచే సంఘానికి వచ్చే ప్రశ్న వేరు: ఎవరి కార్డు? సంఘపు కార్యవర్గం రెండేళ్ళకొకసారి మారుతుంది. ఖాతా మాత్రం ఎవరో ఒక కార్యకర్త సొంత ఈమెయిలు మీద, సొంత కార్డు మీద ఉంటుంది. ఆయన వేరొక రాష్ట్రానికి వెళ్ళిపోతాడు. నియమాలు మారుతున్నవన్న హెచ్చరికలన్నీ ఆయన తెరచి చూడని పెట్టెలో చేరుతాయి. కొత్తగా ఊరికి వచ్చిన కుటుంబం తెలుగు బడి ఎక్కడా అని సైటు తెరిస్తే వారికి కనిపించేది మసకబారిన పటం. ఇందులో సాంకేతిక లోపం ఏమీ లేదు. ఖాతాను సంఘం పేరిట, పదవితో ముడిపడిన ఈమెయిలుతో తెరచి ఉంటే ఈ చిక్కులో సగం ఉండదు. ఏ.పి.ఐ. వాడటానికిచ్చే కీ అనే అక్షరమాల పేజీ మూలంలో అందరికీ కనిపించేదే కనుక, అది మన సైటు నుండి మాత్రమే పనిచేసేటట్లు కట్టడి చేసి, రోజువారీ పరిమితి కూడా విధించుకోవాలి. లేనియెడల ఇతరుల వాడుకకు బిల్లు మనకు వస్తుంది.

ఇక ప్రోగ్రాము సంగతి. డేవిడ్ పార్నస్ అనే శాస్త్రవేత్త 1972లో ప్రకటించిన ఒక పత్రంలో, ప్రోగ్రామును భాగాలుగా విభజించేటప్పుడు మారగల నిర్ణయాలు ఏవో గుర్తించి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క భాగంలో దాచిపెట్టాలని ప్రతిపాదించాడు. పటాల విషయంలో మారగల నిర్ణయం పటం ఎవరిది అన్నదే. సంఘపు సైటుకు కావలసినవి నాలుగే పనులు: పటం చూపు, గుర్తు పెట్టు, ఈ చిరునామా ఎక్కడో చెప్పు, అక్కడికి దారి చెప్పు. ఈ నాలుగింటికీ మన పేర్లు మనమే పెట్టుకొని, వాటిని ఆ సంస్థ భాషలోకి మార్చే పనిని ఒకే ఫైలులో ఉంచాలి. దీనినే అడాప్టరు అంటారు. సరిగా అమరినదో లేదో చూడటానికి సులభమైన పరీక్ష ఉన్నది. ప్రోగ్రాము మొత్తంలో ఆ సంస్థ పేరు వెదకండి. అది ఒకే ఫైలులో కనిపించాలి. నలభై చోట్ల కనిపిస్తే, నియమాలు మారిన రోజున నలభై చోట్ల మరమ్మతు చేయాలి. పేజీలో ఒకే పటం, ఒకే గుర్తు ఉన్న చిన్న సైటుకు మాత్రం ఈ ఆర్భాటం అవసరం లేదు.

అడాప్టరు అన్న మాట మనకు మరొక విధంగా సుపరిచితమే. ఇండియా నుండి తెచ్చిన మిక్సీని అమెరికాలో గోడకు తగిలించడానికి పిన్నుల ఆకారం మార్చే అడాప్టరు దొరుకుతుంది. పిన్నులు చక్కగా అమరుతాయి. కాని 230 వోల్టులకు తయారైన మోటారు 120 వోల్టుల మీద పప్పు రుబ్బదు. సాఫ్టువేరులోను ఇంతే. పేర్లను మార్చినంత మాత్రాన అర్థాలు మారవు, అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది.

ఉదాహరణకు, గూగుల్ పద్ధతిలో ముందు అక్షాంశం, తరువాత రేఖాంశం. జియోజేసన్ అనే ప్రమాణంలో ముందు రేఖాంశం. హైదరాబాదు స్థానం సుమారు 17.4, 78.5. ఈ అంకెలు తారుమారైతే చార్మినారు ఆర్కిటిక్ మహాసముద్రంలోని స్పిట్స్‌బెర్గెన్ ద్వీపం మీదకు చేరుతుంది. చికాగో స్థానం 41.9, మైనస్ 87.6. తారుమారైతే అంటార్కిటికాలో దక్షిణ ధ్రువానికి చేరువగా పడుతుంది. లండను హిందూ మహాసముద్రంలో మునుగుతుంది. హ్యూస్టన్ వారు అదృష్టవంతులు: వారి రేఖాంశం మైనస్ 95.4, అక్షాంశం 90 దాటడం అసాధ్యం కనుక తప్పు అక్కడికక్కడే బయటపడే అవకాశం ఉన్నది. చికాగో తప్పును ప్రోగ్రాము నోరెత్తకుండా అంగీకరిస్తుంది.

జవాబు వచ్చే తీరు కూడా ఇటువంటిదే. అనుమతి లేదు అనడానికి వెబ్ మర్యాదలో 403 అన్న సంఖ్య, మరీ ఎక్కువగా అడుగుతున్నావు అనడానికి 429 ఉన్నవి. అయితే చిరునామాను స్థానంగా మార్చే గూగుల్ సేవ అనుమతి నిరాకరించినప్పుడు కూడా పైకి 200, అనగా అంతా సవ్యమే అన్న సంఖ్యను పంపి, నిరాకరణను ఉత్తరం లోపల వ్రాస్తుంది. కవరు మీద ముద్ర చూచి సంతోషించే ప్రోగ్రాముకు లోపలి సంగతి తెలియదు.

అన్నింటికన్న సూక్ష్మమైనది హక్కుల విషయం. గూగుల్ ద్వారా తెలుసుకొన్న అక్షాంశ రేఖాంశాలను 30 రోజులకు మించి నిల్వ ఉంచుకోరాదని, వాటిని ఇతరుల పటాల మీద చూపరాదని వారి షరతులు చెబుతున్నవి. ఆ స్థలానికి వారిచ్చే గుర్తింపు సంఖ్యను మాత్రం ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. కనుక పటం మార్చుదామని నిర్ణయించుకొన్న రోజున, పాత జాబితాలోని స్థానాలను యథాతథంగా తీసుకుపోయే హక్కు మనకు లేదు. చిరునామాలు మనవి, వాటి నుండి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇక్కడ అక్కరకు వచ్చేది 2004లో స్టీవ్ కోస్ట్ బ్రిటన్‌లో ఆరంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఇందులోని సమాచారాన్ని శాశ్వతంగా నిల్వ ఉంచుకోవచ్చు. దానిని కూర్చినవారిని పేర్కొనడం, సమాచార నిధిని పెంచి పంచినప్పుడు అదే షరతులతో పంచడం ముఖ్య నియమాలు. చిరునామాలు వెదకే వారి ఉమ్మడి సేవను క్షణానికి ఒక ప్రశ్నకు మించి అడగరాదు. 300 స్థలాల జాబితాకైనా అది అయిదు నిమిషాల పని. వ్లదీమిర్ అగఫోంకిన్ 2011లో విడుదల చేసిన లీఫ్‌లెట్ అనే ఉచిత సాధనంతో పటం చూపితే, పలకలు ఎక్కడి నుండి రావాలో చెప్పేది ఒకే పంక్తి. అయితే ఉచితమైనది స్థిరమైనదని అనుకోరాదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారి సర్వర్లు చందాల మీద నడిచేవి కనుక, అతిగా వాడే సైట్లను వారు ఆపివేయవచ్చు. చాలామంది ముచ్చటపడి వాడుకొన్న స్టామెన్ పలకలు కూడా 2023 అక్టోబరు చివర పాత స్థానంలో ఆగిపోయి, స్టేడియా సంస్థకు తరలిపోయినవి. లీఫ్‌లెట్ వాడినవారికి మరమ్మతు ఆ ఒక్క పంక్తితో, కొత్త సంస్థలో నమోదుతో సరిపోయింది.

పటం రాకపోయినప్పుడు పేజీలో ఏమి మిగులుతుందో కూడా ముందే చూచుకోవాలి. పూర్తి చిరునామా, ఏ రహదారి మీద ఎన్నవ నిష్క్రమణ, తలుపు దగ్గర ఉండే కార్యకర్త ఫోను నంబరు అక్షరాలలో ఉంటే పటం లేకపోయినా అతిథి మందిరానికి చేరుతాడు. వీటితోపాటు రోజుకొక పరీక్షను అమర్చుకోవడం మంచిది. చార్మినారు ఎక్కడ అని ప్రోగ్రాము చేత అడిగించండి. జవాబు 17.36, 78.47కు దగ్గరగా ఉండాలి. అర కిలోమీటరుకు మించి తప్పుకొన్నా, అసలు రాకపోయినా, సంఘపు ఈమెయిలు పెట్టెకు వెంటనే ఒక ఉత్తరం చేరాలి. రోజుకు ఒక్క ప్రశ్నే కనుక ఏ సంస్థ ఉచిత పరిమితిలోనైనా ఇది లెక్కకు రాదు.